రెండవ ఉద్యోగం - ఆదాయపు పన్ను

ఒక వ్యక్తి ఒకే ఆర్థిక సంవత్సరంలో ఒకరికంటే ఎక్కువ మంది యజమానుల నుండి జీతం పొందినప్పుడు, లేదా ఉద్యోగంతో పాటు మరొక పని ద్వారా ఫీజు రూపంలో ఆదాయం పొందినప్పుడు, ఆదాయపు పన్ను లెక్కింపులోను, చెల్లింపుకు ముందే జరిగే పన్ను కోతలోను కొన్ని ప్రత్యేక పరిస్థితులు ఏర్పడతాయి. భారతదేశంలో పన్ను విధింపు వ్యక్తి యొక్క మొత్తం ఆదాయంపై జరుగుతుంది. కాని పన్ను కోత మాత్రం ఒక్కొక్క యజమాని చెల్లించే మొత్తంపై విడివిడిగా జరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా వలన రెండు ఉద్యోగాలు చేసేవారికి సంవత్సరం చివర పెద్ద మొత్తంలో పన్ను, దానిపై వడ్డీ చెల్లించవలసిన పరిస్థితి తరచుగా ఎదురవుతుంది. సంవత్సరం మధ్యలో ఉద్యోగం మారిన వారికి కూడా ఇదే సమస్య వస్తుంది.

ఈ వ్యాసంలోని సెక్షన్ల మరియు ఫారముల సంఖ్యలు ఆదాయపు పన్ను చట్టం, 1961కి చెందినవి. ఉదాహరణలలోని లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం ఇవ్వబడినవి. 2026 ఏప్రిల్ 1 నుండి వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తిస్తుంది. దాని వివరాలు వ్యాసంలో వేరుగా ఇవ్వబడ్డాయి.

నేపథ్యం

భారతదేశంలో ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టాడు. తరువాత 1886లోను, 1922లోను సమగ్ర చట్టాలు వచ్చాయి. 1922 చట్టం స్థానంలో వచ్చిన 1961 చట్టం 1962 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

ఆదాయం చేతికి అందకముందే, చెల్లించేవాడే అందులో కొంత భాగాన్ని పన్నుగా మినహాయించి ప్రభుత్వానికి జమచేసే పద్ధతిని మూలము వద్ద పన్ను కోత అంటారు. వ్యవహారంలో దీనిని టి.డి.ఎస్. అని పిలుస్తారు. దీనివలన ప్రభుత్వానికి సంవత్సరం పొడవునా రాబడి ఉంటుంది. ఉద్యోగికి కూడా ఒకేసారి పెద్ద మొత్తం చెల్లించే భారం తప్పుతుంది. అయితే టి.డి.ఎస్. అనేది తుది పన్ను కాదు. అది తుది పన్నులో నుండి తగ్గించుకొనే ముందస్తు జమ మాత్రమే. రెండవ ఉద్యోగానికి సంబంధించిన చిక్కులన్నీ ఈ తేడాను గమనించకపోవడం వలననే మొదలవుతాయి.

జీతం నుండి పన్ను కోత జరిగే విధానం

1961 చట్టంలోని 192వ సెక్షన్ ప్రకారం యజమాని తన ఉద్యోగికి ఆ సంవత్సరంలో చెల్లించబోయే మొత్తం జీతాన్ని అంచనా వేస్తాడు. అందులో నుండి స్టాండర్డ్ డిడక్షన్ తీసివేసి, మిగిలిన మొత్తంపై శ్లాబుల ప్రకారం పన్ను లెక్కించి, దానికి 4 శాతం ఆరోగ్య మరియు విద్యా సెస్సు కలుపుతాడు. అలా వచ్చిన పన్నును సగటు రేటుగా మార్చి ప్రతి నెల జీతం నుండి కోత విధిస్తాడు. సంవత్సరం మధ్యలో అంచనా మారితే మిగిలిన నెలల కోతను పెంచడానికి గాని తగ్గించడానికి గాని యజమానికి చట్టం అవకాశం ఇచ్చింది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలోని శ్లాబులు ఈ విధంగా ఉన్నాయి:

* 4 లక్షల రూపాయల వరకు - పన్ను లేదు
* 4 లక్షల నుండి 8 లక్షల వరకు - 5 శాతం
* 8 లక్షల నుండి 12 లక్షల వరకు - 10 శాతం
* 12 లక్షల నుండి 16 లక్షల వరకు - 15 శాతం
* 16 లక్షల నుండి 20 లక్షల వరకు - 20 శాతం
* 20 లక్షల నుండి 24 లక్షల వరకు - 25 శాతం
* 24 లక్షలకు పైన - 30 శాతం

ఈ విధానంలో జీతం పొందేవారికి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 రూపాయలు. పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షలకు మించకపోతే 87ఏ సెక్షన్ కింద 60,000 రూపాయల వరకు రిబేటు లభిస్తుంది. అందువలన సంవత్సరానికి 12,75,000 రూపాయల వరకు జీతం మాత్రమే ఉన్న వ్యక్తి పన్ను చెల్లించనవసరం లేదు.

ఇద్దరు యజమానులు ఉన్నప్పుడు ఏమి జరుగుతుంది

పై లెక్కలో ప్రతి యజమానికి తాను ఇచ్చే జీతం మాత్రమే తెలుస్తుంది. ఉద్యోగి తెలియజేస్తే తప్ప రెండవ జీతం సంగతి అతనికి తెలియదు. కనుక ఒక వ్యక్తికి ఒకే ఒక్కసారి లభించవలసిన సౌకర్యాలు రెండుచోట్లా లెక్కలోకి వస్తాయి. అవి ముఖ్యంగా మూడు:

1. స్టాండర్డ్ డిడక్షన్. ఇది ఉద్యోగానికి ఒకటి చొప్పున కాక, వ్యక్తికి ఒక్కసారి మాత్రమే వర్తిస్తుంది.
2. పన్ను లేని మొదటి శ్లాబు, తరువాతి తక్కువ రేటు శ్లాబులు.
3. 87ఏ సెక్షన్ కింద రిబేటు. దీనికి అర్హత మొత్తం ఆదాయాన్ని బట్టి నిర్ణయించబడుతుంది.

పాత పన్ను విధానం ఎంచుకున్న వారి విషయంలో వీటికి మరికొన్ని తోడవుతాయి. జీవిత బీమా, భవిష్య నిధి వంటి పొదుపులకు 80సి సెక్షన్ కింద ఉన్న 1,50,000 రూపాయల పరిమితిని రెండు కార్యాలయాలలోను చూపినట్లయితే, ఒకే పొదుపు రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఇంటి అద్దె రశీదుల విషయం కూడా ఇటువంటిదే. రిటర్ను దాఖలు చేసేటప్పుడు ఈ రెండవసారి పొందిన ప్రయోజనం తొలగిపోయి, ఆ మేరకు పన్ను బకాయి పడుతుంది. అలాగే ఒక యజమాని వద్ద పాత విధానం, మరొక యజమాని వద్ద కొత్త విధానం ఎంచుకున్నప్పటికీ, రిటర్నులో మొత్తం ఆదాయానికి ఒకే విధానం వర్తిస్తుంది.

ఉదాహరణలు

మొదటి ఉదాహరణ: ఒకే సమయంలో రెండు ఉద్యోగాలు

ఒక అధ్యాపకుడు పగటిపూట ఒక కళాశాలలోను, సాయంత్రం ఒక శిక్షణ సంస్థలోను ఉద్యోగిగా పనిచేస్తున్నాడని అనుకుందాం. ఒక్కొక్కచోట అతని జీతం నెలకు 75,000, అనగా సంవత్సరానికి 9 లక్షల రూపాయలు.

ఒక్కొక్క యజమాని వేసే లెక్క: 9,00,000 నుండి 75,000 తీసివేయగా 8,25,000. దీనిపై పన్ను 22,500 రూపాయలు. ఆదాయం 12 లక్షల లోపు ఉన్నందున రిబేటు వలన పన్ను సున్నా. కనుక రెండుచోట్లా కోత ఉండదు.

అసలు లెక్క: మొత్తం జీతం 18,00,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారి తీసివేయగా 17,25,000. దీనిపై పన్ను 20,000 + 40,000 + 60,000 + 25,000 = 1,45,000 రూపాయలు. సెస్సు 5,800 కలుపగా 1,50,800 రూపాయలు. ఆదాయం 12 లక్షలు దాటినందున రిబేటు లేదు.

సంవత్సరమంతా ఒక్క రూపాయి కూడా కోత పడని వ్యక్తి, చివరకు ఒకటిన్నర లక్షల రూపాయలకు పైగా పన్ను చెల్లించవలసి వస్తుంది. అదే 18 లక్షలు ఒకే యజమాని ఇచ్చి ఉంటే నెలకు సుమారు 12,567 రూపాయల చొప్పున ముందే కోత పడి ఉండేది. రెండు సందర్భాలలోను పన్ను ఒక్కటే. చెల్లించే సమయం మాత్రమే వేరు.

రెండవ ఉదాహరణ: సంవత్సరం మధ్యలో ఉద్యోగం మారడం

ఒక ఉద్యోగిని ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు నెలకు 1,00,000 రూపాయల జీతంతో ఒక సంస్థలో పనిచేసి, అక్టోబరు నుండి 1,25,000 రూపాయల జీతంతో మరొక సంస్థలో చేరింది. మొదటి సంస్థ సంవత్సరానికి 12 లక్షలని అంచనా వేసినా, స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11,25,000 కాబట్టి కోత విధించలేదు. రెండవ సంస్థకు తెలిసినది ఆరు నెలల జీతం 7,50,000 మాత్రమే. అక్కడ కూడా కోత లేదు. మొత్తం జీతం 13,50,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,75,000. దీనిపై పన్ను 71,250, సెస్సు 2,850, మొత్తం 74,100 రూపాయలు.

ఆదాయం 12 లక్షలను స్వల్పంగా దాటినవారికి, దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా ఉపశమనం కలదు. ఈ ఉదాహరణలో దాటిన మొత్తం 75,000, పన్ను 71,250 మాత్రమే కనుక ఆ ఉపశమనం వర్తించదు.

మూడవ ఉదాహరణ: ఉద్యోగంతో పాటు ఫీజు ఆదాయం

సంవత్సరానికి 15 లక్షల జీతం గల వ్యక్తి, సెలవు రోజులలో చేసిన వృత్తి సేవలకు మరొక సంస్థ నుండి 6 లక్షల రూపాయల ఫీజు పొందాడు. ఆ పనికి అతనికి అయిన ఖర్చు లక్ష రూపాయలు. యజమాని జీతంపై 97,500 రూపాయలు కోత విధించాడు. ఫీజు చెల్లించిన సంస్థ 10 శాతం చొప్పున 60,000 రూపాయలు కోత విధించింది. మొత్తం కోత 1,57,500 రూపాయలు.

పన్ను విధించదగిన ఆదాయం: జీతం 14,25,000 + ఫీజులో మిగిలినది 5,00,000 = 19,25,000. దీనిపై పన్ను 1,85,000, సెస్సు 7,400, మొత్తం 1,92,400 రూపాయలు. కోత పోగా ఇంకా 34,900 రూపాయలు బాకీ ఉంటుంది. అదనపు ఆదాయం 15, 20 శాతం శ్లాబులలో పడగా, కోత 10 శాతం మాత్రమే జరగడం దీనికి కారణం.

జీతమా, ఫీజా?

రెండవ పని ద్వారా వచ్చే ఆదాయం జీతమా, వృత్తి ఆదాయమా అన్నది పన్ను లెక్కలో ముఖ్యమైన ప్రశ్న. యజమాని అదుపాజ్ఞలలో, అతడు నిర్ణయించిన పనివేళలలో ఉద్యోగిగా పనిచేస్తే అది జీతం. స్వతంత్రంగా సేవ అందించి ప్రతిఫలం తీసుకుంటే అది వృత్తి లేదా వ్యాపార ఆదాయం. ఉదాహరణకు, ఒక ఆసుపత్రిలో జీతంపై పనిచేసే వైద్యుడు మరొక ఆసుపత్రికి వారానికి రెండు రోజులు సలహా వైద్యుడుగా వెళ్ళి ఫీజు తీసుకుంటే, ఆ రెండవ ఆదాయం సాధారణంగా వృత్తి ఆదాయమవుతుంది. చెల్లింపునకు పెట్టిన పేరు కంటే ఒప్పందం యొక్క స్వభావమే ప్రధానం.

ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడాలు:

* జీతంపై 192వ సెక్షన్ కింద శ్లాబుల ప్రకారం కోత జరుగుతుంది. వృత్తి ఫీజుపై 194జె సెక్షన్ కింద 10 శాతం, సాంకేతిక సేవల ఫీజుపై 2 శాతం కోత జరిగేది. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ కోతకు సంవత్సర పరిమితిని 30,000 నుండి 50,000 రూపాయలకు పెంచారు.
* వృత్తి ఆదాయంలో నుండి ఆ పనికి అయిన ఖర్చులను తీసివేయవచ్చు. జీతంలో ఆ వీలు లేదు. స్టాండర్డ్ డిడక్షన్ మాత్రమే ఉంటుంది.
* వైద్యం, న్యాయవాదం, ఇంజనీరింగు, గణకవృత్తి వంటి నిర్ణీత వృత్తులవారు 44ఏడీఏ సెక్షన్ కింద వసూళ్ళలో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. దీనికి వసూళ్ళ పరిమితి 50 లక్షలు. నగదు వసూళ్ళు 5 శాతానికి మించకపోతే 75 లక్షలు.
* రెండూ జీతాలే అయితే సాధారణంగా సులభమైన రిటర్ను ఫారం సరిపోతుంది. వృత్తి ఆదాయం ఉంటే 3వ లేదా 4వ రకం రిటర్ను దాఖలు చేయాలి.
* జీతం మాత్రమే ఉన్నవారు ఏటా పాత, కొత్త విధానాలలో ఒకదానిని ఎంచుకోవచ్చు. వృత్తి లేదా వ్యాపార ఆదాయం ఉన్నవారు కొత్త విధానం నుండి బయటకు వెళ్ళి, మరల ఒకసారి దానిలోకి తిరిగి వస్తే, ఆ ఆదాయం ఉన్నంతకాలం మళ్ళీ పాత విధానం ఎంచుకొనే వీలు ఉండదు.

యజమానికి తెలియజేయడం

192వ సెక్షన్‌లోని రెండవ ఉపసెక్షన్ ప్రకారం, ఒకేసారి గాని ఒకరి తరువాత ఒకరుగా గాని ఒకరికంటే ఎక్కువ మంది యజమానుల వద్ద పనిచేసిన ఉద్యోగి, వారిలో తాను ఎంచుకున్న ఒకరికి మిగిలిన జీతాల వివరాలు అందజేయవచ్చు. దీనికి 12బి అనే ఫారం నిర్దేశించబడింది. ఇందులో మరొక యజమాని ఇచ్చిన జీతం, ఇతర సౌకర్యాల విలువ, అక్కడ జరిగిన పన్ను కోత వంటి వివరాలు ఉంటాయి. ఆ వివరాలు అందుకున్న యజమాని రెండు జీతాలనూ కలిపి పన్ను లెక్కించి కోత విధించాలి.

మొదటి ఉదాహరణలోని అధ్యాపకుడు ఏప్రిల్ నెలలోనే కళాశాలకు ఈ వివరాలు ఇస్తే, కళాశాల జీతం నుండి నెలకు సుమారు 12,567 రూపాయలు కోత పడుతుంది. శిక్షణ సంస్థ జీతం పూర్తిగా అందుతుంది. డిసెంబరులో ఇస్తే, అదే పన్ను మిగిలిన నాలుగు నెలలలో నెలకు 37,700 రూపాయల చొప్పున కోత పడుతుంది. కనుక ఎంత త్వరగా తెలియజేస్తే నెలవారీ భారం అంత తక్కువగా ఉంటుంది.

వడ్డీ, అద్దె, ఫీజు వంటి ఇతర ఆదాయాల వివరాలు కూడా యజమానికి ఇచ్చే అవకాశం ఇదే సెక్షన్‌లో ఉన్నది. 2024 అక్టోబరు నుండి వాటిపై ఇతరులు చేసిన పన్ను కోతను, వసూలును కూడా 12బిఏఏ అనే ఫారంలో చూపి, జీతంపై కోతను సరిచేయించుకొనే వీలు కల్పించారు.

ఈ వివరాలు ఇవ్వడం ఉద్యోగి ఇష్టంపై ఆధారపడినది. ఇచ్చినట్లయితే మాత్రం రెండవ ఉద్యోగం సంగతి మొదటి యజమానికి తెలుస్తుంది. అలా తెలియజేయని వ్యక్తి ముందస్తు పన్నును తానే చెల్లించాలి. రిటర్నులో రెండు జీతాలనూ చూపడం మాత్రం తప్పనిసరి.

ముందస్తు పన్ను, వడ్డీ

కోత పోగా చెల్లించవలసిన పన్ను ఒక సంవత్సరంలో 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని ఉంటే, దానిని ఆ సంవత్సరంలోనే వాయిదాలలో చెల్లించాలి. వాయిదాలు ఇవి:

* జూన్ 15 లోపు - 15 శాతం
* సెప్టెంబరు 15 లోపు - 45 శాతం వరకు
* డిసెంబరు 15 లోపు - 75 శాతం వరకు
* మార్చి 15 లోపు - 100 శాతం

వ్యాపార, వృత్తి ఆదాయం లేని 60 సంవత్సరాలు నిండిన వారికి దీని నుండి మినహాయింపు కలదు. 44ఏడీఏ కింద ఆదాయం చూపేవారు మొత్తం పన్నును మార్చి 15 లోపు ఒకే వాయిదాలో చెల్లించవచ్చు.

వాయిదాలు తప్పితే 234సి సెక్షన్ కింద, సంవత్సరాంతానికి 90 శాతం పన్ను చెల్లించకపోతే 234బి సెక్షన్ కింద నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. మొదటి ఉదాహరణలోని అధ్యాపకుడు ఏమీ చెల్లించకుండా, మరుసటి జూలైలో రిటర్నుతో పాటు పన్ను కడితే, వాయిదాల వడ్డీ సుమారు 7,600, ఏప్రిల్ నుండి జూలై వరకు నాలుగు నెలల వడ్డీ సుమారు 6,000, మొత్తం సుమారు 13,600 రూపాయలు అదనంగా చెల్లించాలి. ఇది పన్ను ఎగవేత కోసం వేసిన జరిమానా కాదు. ఆలస్యానికి వడ్డీ మాత్రమే.

రిటర్నులో చూపే విధానం

ప్రతి యజమాని తాను కోత విధించిన పన్నుకు 16వ నంబరు ఫారం ఇస్తాడు. రెండు ఉద్యోగాలు చేసినవారికి రెండు ఫారములు ఉండవచ్చు. రెండింటిలోను స్టాండర్డ్ డిడక్షన్ తీసివేసి ఉంటుంది కనుక, చివరి అంకెలను నేరుగా కూడరాదు. రెండు స్థూల జీతాలను కలిపి, దాని నుండి 75,000 రూపాయలను ఒక్కసారి మాత్రమే తీసివేయాలి. కోత లేనందున ఒక యజమాని ఫారం ఇవ్వకపోయినా, జీతపు చీటీల ఆధారంగా ఆ జీతాన్ని రిటర్నులో చూపాలి.

పన్ను కోతలన్నీ శాశ్వత ఖాతా సంఖ్య, అనగా పాన్ ఆధారంగా ఒకేచోట నమోదవుతాయి. 26ఏఎస్ పట్టికలోను, 2021 నవంబరులో ప్రారంభమైన వార్షిక సమాచార నివేదికలోను వాటిని చూడవచ్చు. రిటర్ను దాఖలుకు ముందు ఈ వివరాలను ఫారములతో సరిచూసుకోవాలి. యజమాని జీతం నుండి పన్ను కోసుకొని ప్రభుత్వానికి జమచేయని సందర్భంలో, కోసిన మేరకు ఆ పన్నును మళ్ళీ ఉద్యోగి నుండి అడగరాదని 205వ సెక్షన్ చెబుతుంది. అటువంటి సమయంలో కోతను చూపే జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు ఉద్యోగికి ముఖ్యమైన ఆధారాలు.

ఒక జీతాన్ని చూపకుండా రిటర్ను దాఖలు చేసినవారికి నోటీసు రావచ్చు. ఆదాయం తక్కువగా చూపినందుకు 270ఏ సెక్షన్ కింద పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలు ఇచ్చినందుకు 200 శాతం జరిమానా నిర్దేశించబడినది. 2022లో ప్రవేశపెట్టిన నవీకరించిన రిటర్ను ద్వారా అదనపు పన్ను చెల్లించి, వదిలివేసిన ఆదాయాన్ని తరువాత చూపవచ్చు. దీని గడువును 2025 ఏప్రిల్ 1 నుండి 24 నెలలకు బదులు 48 నెలలకు పెంచారు. ఆలస్యమైన కొద్దీ అదనపు పన్ను 25 శాతం నుండి 70 శాతం వరకు పెరుగుతుంది.

వృత్తి పన్ను, భవిష్య నిధి

రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఒక వ్యక్తి ఒక రాష్ట్రానికి చెల్లించే వృత్తి పన్ను సంవత్సరానికి 2,500 రూపాయలకు మించరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నెలకు 20,000 రూపాయలకు మించిన జీతంపై నెలకు 200 రూపాయల వృత్తి పన్ను ఉన్నది. ఒకే రాష్ట్రంలో ఇద్దరు యజమానులూ దీనిని కోస్తే సంవత్సరానికి 4,800 రూపాయలై ఈ పరిమితి దాటుతుంది. కనుక ఒకచోట కోత జరుగుతున్నదని రెండవ యజమానికి తెలపడం అవసరం.

భవిష్య నిధి, జాతీయ పింఛను పథకం మొదలగువాటికి యజమానులు జమచేసే మొత్తం సంవత్సరానికి 7,50,000 రూపాయలు దాటితే, ఆ పై మొత్తం 2020-21 నుండి ఉద్యోగి ఆదాయంగా పరిగణించబడుతుంది. ఈ పరిమితి కూడా యజమానికి ఒకటి చొప్పున కాదు. అందరు యజమానుల జమలనూ కలిపి చూస్తారు.

ఉద్యోగ నిబంధనలు

పన్ను చట్టం రెండవ ఉద్యోగాన్ని నిషేధించదు. అనుమతించదు కూడా. ఆదాయం వచ్చినట్లయితే పన్ను విధించడం వరకే దాని పరిధి. రెండవ ఉద్యోగం చేయవచ్చునా లేదా అన్నది నియామక ఒప్పందం, సేవా నిబంధనలపై ఆధారపడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ముందస్తు అనుమతి లేకుండా ఇతర ఉద్యోగం లేదా వ్యాపారం చేయడాన్ని 1964 నాటి ప్రవర్తనా నియమాలు నిషేధిస్తాయి. ప్రైవేటు రంగంలో ఈ విషయం 2022లో విస్తృతంగా చర్చకు వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో విప్రో అధ్యక్షుడు రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నట్లు తేలిన 300 మందిని తొలగించినట్లు ప్రకటించాడు.

ఇతర దేశాలలో

అమెరికాలో ప్రతి ఉద్యోగి తన యజమానికి డబ్ల్యూ-4 అనే ఫారం ఇస్తాడు. 2020లో దీనిని పూర్తిగా మార్చారు. దాని రెండవ దశ, ఒకటి కంటే ఎక్కువ ఉద్యోగాలు ఉన్నవారికి, ఉమ్మడి రిటర్ను వేసే దంపతులలో ఇద్దరూ ఉద్యోగం చేసేవారికి ఉద్దేశించినది. రెండే ఉద్యోగాలు ఉంటే అక్కడి గడిలో గుర్తు పెట్టవచ్చు. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్, శ్లాబులు రెండు ఉద్యోగాలకు సగం సగంగా పంచబడి కోత పెరుగుతుంది. అమెరికాలోని తెలుగు దంపతులలో ఇద్దరూ ఉద్యోగం చేస్తూ ఈ గడిని వదిలివేస్తే కోత తక్కువ పడే అవకాశం ఉన్నది. భారతదేశంలో భార్యాభర్తలకు విడివిడిగా పన్ను విధిస్తారు కనుక ఈ సమస్య లేదు. హెచ్-1బి వీసా ఉన్నవారు రెండవ ఉద్యోగం చేయాలంటే పన్ను సంగతి కంటే ముందు, ఆ రెండవ యజమాని వేరుగా దరఖాస్తు చేయవలసి ఉంటుంది.

అమెరికాలో సామాజిక భద్రతా పన్ను 6.2 శాతం. 2025లో ఇది 1,76,100 డాలర్ల జీతం వరకు వర్తించింది. ఇద్దరు యజమానుల కోత కలిపి ఈ పరిమితి దాటితే, ఎక్కువైన మొత్తాన్ని ఉద్యోగి తన రిటర్నులో తిరిగి పొందవచ్చు. యజమానుల వాటా మాత్రం వారికి తిరిగి రాదు.

బ్రిటన్‌లో పన్ను శాఖ ప్రతి ఉద్యోగానికి ఒక సంకేతం కేటాయిస్తుంది. 12,570 పౌండ్ల పన్ను రహిత పరిమితిని సాధారణంగా ప్రధాన ఉద్యోగానికి ఇచ్చి, రెండవ ఉద్యోగానికి తరచుగా బీఆర్ అనే సంకేతంతో మొత్తం జీతంపై 20 శాతం కోత విధిస్తారు. అందువలన అక్కడ రెండవ జీతంపై కోత మొదటి పౌండు నుండే మొదలవుతుంది.

కొత్త చట్టంలో

ఆదాయపు పన్ను చట్టం, 2025కు 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఇది 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చే విధంగా రూపొందించబడింది. ఇందులో గత సంవత్సరం, మదింపు సంవత్సరం అనే రెండు మాటలకు బదులు పన్ను సంవత్సరం అనే ఒకే మాట వాడారు. జీతంపై పన్ను కోత 392వ సెక్షన్‌లో చేర్చబడింది. సెక్షన్ల సంఖ్యలు మారినప్పటికీ, మొత్తం ఆదాయంపై పన్ను, ఒక్కొక్క యజమాని వద్ద కోత అనే మౌలిక పద్ధతి మారలేదు. 2025-26 వరకు గల ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

సాధారణ అపోహలు

* రెండవ ఉద్యోగానికి ఎక్కువ పన్ను రేటు ఉంటుంది: అటువంటి ప్రత్యేక రేటు లేదు. రెండవ జీతం మొదటి జీతం పైన చేరడం వలన ఎగువ శ్లాబులలో పడుతుంది. ఏ ఉద్యోగాన్ని రెండవదిగా భావించినా మొత్తం పన్ను ఒక్కటే.
* కోత పడలేదు కనుక పన్ను లేదు: కోత లేకపోవడం యజమాని లెక్కకు సంబంధించినది. పన్ను బాధ్యత వ్యక్తి మొత్తం ఆదాయానికి సంబంధించినది.
* ఫీజుపై 10 శాతం కోశారు కనుక ఇక చెల్లించనవసరం లేదు: అది ముందస్తు జమ మాత్రమే. తుది పన్ను శ్లాబును బట్టి ఎక్కువ గాని తక్కువ గాని కావచ్చు. తక్కువైతే మిగిలినది వాపసు వస్తుంది.
* అదనపు ఆదాయం వలన చేతికి వచ్చే మొత్తం తగ్గిపోతుంది: ఎగువ రేటు ఆ శ్లాబులో పడిన భాగానికి మాత్రమే వర్తిస్తుంది. మొదటి ఉదాహరణలో రెండవ 9 లక్షల జీతం వలన పెరిగిన పన్ను 1,50,800 రూపాయలు. మిగిలిన 7,49,200 రూపాయలు అధ్యాపకునికే దక్కుతాయి.

ఇవి కూడా చూడండి

* ఆదాయపు పన్ను
* శాశ్వత ఖాతా సంఖ్య
* వృత్తి పన్ను
* ఉద్యోగుల భవిష్య నిధి